నాపా లోయలో అనంతపురం ద్రాక్షతోట

అనంతపురం జిల్లాలో పుట్టినవాడు ఏ దేశం వెళ్ళినా మొదట చూసేది ఆకాశాన్నే. మబ్బు పట్టిందా, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది, నేలలో పదును ఉందా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికాకే మిగతా వింతలు కంటికి ఆనుతాయి. కిందటి సెప్టెంబరులో కాలిఫోర్నియాలో మా మేనల్లుడి ఇంట నెల రోజులున్నాను. ఆ నెలలో ఒక్క చినుకు పడలేదు. అయినా అక్కడ ఎవరి ముఖంలోనూ దిగులు లేదు. వాన లేకపోవడం కూడా ఒక శుభవార్త కాగల దేశం ఉంటుందని నాకు తెలిసింది ఆ నెలలోనే.

ఒక శనివారం పొద్దున్నే మా వాడు, "మామా, నాపా చూపిస్తాను పద. పొద్దున తీసుకుపోయి సాయంత్రానికి దించేస్తారు. నువ్వు తాగకుంటే ఏమైంది, తోటలు చూద్దువు" అన్నాడు. తోట అన్న మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరంగా గంటన్నర ప్రయాణం. చిన్న బస్సులో పన్నెండు మందిమి. బస్సు నడిపినదీ, కథలు చెప్పినదీ డెబ్బయ్యేళ్ళ పెద్దాయన ఒకరే. ఆయన చెప్పినవి, చెప్పకుండా వదిలేసినవి, అవి వింటూ నేను తలచుకున్నవి కలిపి ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక మనవి. మన ఊళ్ళలో 'వైన్స్' అని బోర్డు కట్టిన కొట్టులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అందుచేత మనలో చాలామందికి ఆ మాట వినగానే సారా వాసనే గుర్తుకొస్తుంది. కానీ ద్రాక్షరసంతో చేసిన మద్యం మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి విధులు చెప్పే అధ్యాయంలో కౌటిల్యుడు ద్రాక్షరసంతో చేసినదాన్ని 'మధువు' అన్నాడు. అది పుట్టిన సీమను బట్టే దానికి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు వస్తాయన్నాడు. కాపిశి అంటే నేటి కాబూలుకు ఉత్తరాన ఉన్న ప్రాంతం. మద్యానికి నేల పేరు పెట్టడం ఫ్రెంచివాళ్ళు కనిపెట్టిన గొప్ప సంప్రదాయమని మా పెద్దాయన చెబుతుంటే, కౌటిల్యుడు గుర్తొచ్చి లోలోపల నవ్వుకున్నాను.

దక్కనుకూ ద్రాక్ష పాతదే. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా దౌలతాబాదులో ద్రాక్షలు, దానిమ్మలు చూశానని రాశాడు. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా అక్కడి బజారుల్లో ద్రాక్షలు చవకగా దొరుకుతాయన్నాడు. ఆ నగరం 1565లో పాడయ్యాక రాజధాని మా పెనుకొండకే తరలివచ్చింది. మన అలంకారికులు కవిత్వంలోని సుకుమారమైన శైలికి 'ద్రాక్షాపాకం' అని పేరు పెట్టారు. నోట్లో వేసుకోగానే కరిగేదన్నమాట. ద్రాక్షను పండించినవాడి పాకం ఎలాంటిదో మాత్రం ఏ అలంకారికుడూ రాయలేదు.

నాపా లోయ పొడవు 30 మైళ్ళు, వెడల్పు ఐదు మైళ్ళకు మించదు. అటూ ఇటూ కొండలు, నడుమ బారులు తీర్చిన ద్రాక్షతీగలు. మనకు అలవాటైన పందిళ్ళు లేవు. నడుమెత్తున తీగె కంచెల్లా వరుసలు. కాలిఫోర్నియాలో తయారయ్యే వైనులో ఈ లోయ వాటా నూటికి నాలుగు పాళ్ళే. పేరు మాత్రం తక్కినదంతా కలిపినా రానంత. ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పడానికే ఆ రోజంతా సరిపోయింది.

1830ల చివర జార్జి యౌంట్ అనే ఆయన ఇక్కడ మొదటి ద్రాక్షతీగలు నాటాడు. అప్పటికి ఇది మెక్సికో ఏలుబడిలోని నేల. అంతకు ముందు వేల ఏళ్ళుగా వాప్పో తెగవారు ఇక్కడ బతికారు. యౌంట్ పేరు మీద ఇప్పుడు ఒక ఊరుంది. వాప్పోల సంగతి మా పెద్దాయన ఒక్క వాక్యంలో ముగించాడు. 1861లో చార్లెస్ క్రుగ్, 1862లో జేకబ్ ష్రామ్, 1876లో బెరింజర్ సోదరులు, 1879లో గుస్తావ్ నీబామ్ వరుసగా వైనరీలు పెట్టారు. వీరిలో ఎక్కువమంది జర్మనీ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు, నీబామ్ ఫిన్లండువాడు. 1880లో రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కొత్త పెళ్ళికొడుకుగా ఇక్కడికి వచ్చి ష్రామ్ తోట చూసి, ఆ అనుభవాన్ని తన పుస్తకంలో రాశాడు.

బెరింజర్ వారి కొండ సొరంగాల గురించి మా పెద్దాయన ఎంతో ఇష్టంగా చెప్పాడు. ఎండాకాలమూ చలికాలమూ ఒకే చల్లదనం ఉండేలా కొండను తొలిచి, ఆ గుహల్లో పీపాలు పేర్చి, వైనును ఏళ్ళ తరబడి పండనిస్తారు. ఆ రాతిని గునపాలతో, సుత్తులతో తొలిచింది చైనా నుంచి వచ్చిన కూలీలు. రైలు దారులు వేసినది వాళ్ళే, తోటల్లో పనిచేసినది వాళ్ళే. 1882లో అమెరికా ప్రభుత్వం చైనా కూలీలు దేశంలోకి రాకూడదని చట్టం చేసింది. గుహలు మిగిలాయి.

1876 అన్న సంవత్సరం చెవిన పడగానే నాకు గుండె ఒక్క క్షణం ఆగినట్టయింది. అది ధాత నామ సంవత్సరం. మా సీమలో ధాత కరువు అంటే ఆ ఏడాది మొదలైనదే. నైజాము 1800లో కుంపిణీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో, మన్రో అనంతపురంలో కూర్చుని రైతువారీ శిస్తులు కట్టిన ఆ నేలలో, 1876లో వానలు ముఖం చాటేశాయి. 1878 దాకా దక్షిణాదిని ఆ కరువు తినేసింది. చనిపోయినవారు యాభై లక్షలకు పైమాటేనని అంచనా. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే కూలీకి ఇచ్చే గింజలను 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక్క పౌనుకు తగ్గించాడు. అంటే అర కిలో కూడా లేదు. మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే కార్నిష్ అనే వైద్యుడు ఇది మనుషులను చంపే కొలత అని వాదించాక గాని దాన్ని పెంచలేదు. అదే సమయంలో ఓడల్లో ధాన్యం విదేశాలకు పోతూనే ఉంది.

ఒకే ఏడాది ఒక కొండ దగ్గర కూలీలు వైను దాచడానికి రాయి తొలిచారు, మరో పీఠభూమిలో కూలీలు గుప్పెడు గింజల కోసం రాయి కొట్టారు. 1882లో చైనావారి మీద నిషేధం వచ్చింది, అదే ఏడాది బళ్ళారి జిల్లాను విడదీసి అనంతపురం జిల్లాను చేశారు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఏమీ లేదు. కానీ చరిత్రను ఒక్క ఊరి నుంచి చదివితే కనిపించనిది రెండు ఊళ్ళ నుంచి కలిపి చదివితే కనిపిస్తుంది.

నాపాకు కష్టాలు రాలేదని కాదు. ఫిలోక్సెరా అనే కంటికి ఆనని పురుగు ద్రాక్ష వేర్లను కొరికి తీగను చంపుతుంది. అది అమెరికా తూర్పు భాగానిది. 1860లలో నాటు మొక్కలతోపాటు ఓడెక్కి ఫ్రాన్సు చేరి అక్కడి తోటలను సర్వనాశనం చేసింది. శతాబ్దం ముగిసేలోగా నాపానూ తుడిచిపెట్టింది. చివరికి విరుగుడు కూడా అమెరికా నుంచే దొరికింది. ఆ పురుగుకు అలవాటుపడిన అమెరికా అడవి ద్రాక్ష వేరు మీద యూరపు ద్రాక్ష కొమ్మను అంటు కట్టారు. మా జిల్లా చీనీ రైతుకు ఇది చెప్పనక్కరలేదు. జంబేరి వేరు మీద సాత్‌గుడి కన్ను కట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. 1980లలో వేరు ఎంపికలో జరిగిన పొరపాటు వల్ల నాపా మళ్ళీ దెబ్బతిని, తోటలు పీకి కొత్తగా నాటుకుంది.

రెండో దెబ్బ మద్యనిషేధం. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అమెరికా అంతటా మద్యం తయారీ, అమ్మకం నేరం. దాని కోసం దశాబ్దాల పాటు పోరాడినవారిలో స్త్రీలే ముందున్నారు, 1874లోనే వారికి దేశవ్యాప్త సంఘం ఉండేది. నిషేధకాలంలో చర్చి ప్రార్థనలకు వైను చేసే అనుమతి ఉన్న బ్యూలూ వంటి కొద్ది వైనరీలు నిలిచాయి, చాలావరకు మూతపడ్డాయి. ఇంట్లో వాడుకకు ఏడాదికి 200 గాలన్ల పండ్లరసం చేసుకోవచ్చని చట్టంలో ఒక సందు ఉండేది. దాంతో ద్రాక్ష రైళ్ళలో దేశమంతా పరుగులు తీసింది. ఎండబెట్టిన ద్రాక్ష గుజ్జును ఇటుకల్లా అమ్ముతూ, దీన్ని నీళ్ళలో నానబెట్టి ఇన్ని రోజులు ఉంచితే వైను అవుతుంది కనుక అలా చేయవద్దని హెచ్చరిక రాసేవారట! బస్సంతా ఘొల్లున నవ్వింది.

నేనూ నవ్వాను గానీ నా మనసు దూబగుంటకు పోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా వేలంపాటలు ఆపించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానాకు నష్టమని దాన్ని ఎత్తివేశారు. మాది కర్ణాటక సరిహద్దు. గట్టు దాటితే దొరికేదాన్ని చట్టం ఎంతకాలం ఆపగలదు? రెండు చోట్లా ఆడవాళ్ళే మొదలుపెట్టారు, రెండు చోట్లా దొంగసరుకు పెరిగింది, రెండు చోట్లా ప్రభుత్వానికి పన్ను డబ్బు గుర్తొచ్చింది. తేడా తరవాతి కథలో ఉంది. అక్కడ నిషేధం పోయాక ద్రాక్ష రైతు మిగిలాడు. ఇక్కడ సారా పోయాక, మద్యం తిరిగొచ్చాక, రైతుకు గానీ కల్లుగీసేవాడికి గానీ మిగిలింది ఏమీ లేదు. బెల్లపు ఊట నుంచి సీసా మీద చీటీ దాకా మధ్యలో ఎక్కడా పొలం పేరు లేదు.

నాపా తిరిగి లేచిన తీరు చెబుతూ మా పెద్దాయన గొంతు మారింది. 1966లో రాబర్ట్ మొండావి ఓక్‌విల్‌లో వైనరీ కట్టి, వచ్చినవాళ్ళకు తోట చూపి రుచి చూపించే పద్ధతిని పెంచాడు. మేము చేస్తున్న ఈ యాత్రలకు ఆయన కూడా ఒక ఆద్యుడు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఒక పరీక్ష పెట్టాడు. తొమ్మిది మంది ఫ్రెంచి నిపుణులు పేరు చూడకుండా రుచి చూశారు. తెల్ల వైనులో షాతో మోంటెలీనా, ఎర్ర వైనులో స్టాగ్స్ లీప్ మొదట నిలిచాయి. రెండూ నాపావే. ఒక్క మధ్యాహ్నంతో లోయ పేరు ప్రపంచమంతా మోగింది.

నాకు మాత్రం పారిస్ విజయం కంటే 1968 ముఖ్యమనిపించింది. ఆ ఏడాది నాపా కౌంటీ ఈ లోయ నేలను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఇరవై ఎకరాలకు తక్కువగా భూమిని ముక్కలు చేయరాదని నియమం పెట్టింది, తరవాత దాన్ని నలభైకి పెంచింది. అమెరికాలో ఇలాంటిది ఇదే మొదటిదట. శాన్ ఫ్రాన్సిస్కో ఇంత దగ్గరలో ఉన్నా లోయ ఇళ్ళ స్థలాలుగా మారకపోవడానికి అదే కారణం. బెంగుళూరు దారి వెంట మా జిల్లా పొలాల్లో పాతిన ప్లాట్ల హద్దురాళ్ళు నా కళ్ళ ముందు కదిలాయి.

మధ్యాహ్నం మూడో తోటలో బస్సు ఆగింది. కోతల కాలం. పెద్దాయన ఒక గుత్తి నుంచి నాలుగు పళ్ళు తుంచి నా చేతిలో పెట్టాడు. నేరేడు గింజంత పళ్ళు, మందపాటి తోలు, లోపల గింజలు. నోట్లో వేసుకుంటే తేనె. మా నాన్న పండించిన అనబ్-ఎ-షాహి బొటనవేలంత ఉండేది, లేత పచ్చ రంగు, తోలు పలచన. అది తినే ద్రాక్ష, ఇది తాగే ద్రాక్ష. అప్పుడు ఆయన అన్నాడు: "తీగను సుఖపెట్టకూడదు. కొంచెం దప్పికతో ఉంచితేనే పండు చిన్నదై రసం చిక్కనవుతుంది. కష్టపడిన తీగదే మంచి వైను."

అందరూ తల ఊపారు. నేను ఊపలేకపోయాను.

నాపా పట్టణంలో సగటున ఏడాదికి 25 అంగుళాల వాన. అనంతపురంలో 22. తేడా మూడు అంగుళాలు! అక్కడ అది ప్రపంచ ప్రఖ్యాత లోయ, ఇక్కడ ఇది దేశంలోని అతి తక్కువ వర్షపాతం గల జిల్లాల్లో ఒకటి. ఇంటికి వచ్చాక రెండు మూడు రాత్రులు దీని గురించే ఆలోచించాను.

ప్రకృతి చేసిన తేడా కొంత ఉంది, దాన్ని కాదనకూడదు. నాపాలో వాన చలికాలంలో, తీగ ఆకులు రాల్చి నిద్రపోతున్నప్పుడు పడుతుంది. లోతైన ఒండ్రు నేల దాన్ని దాచుకుంటుంది. తీగ మేలుకుని కాయ కాసే కాలమంతా పొడి ఎండ, రాత్రి చల్లని సముద్రపు మంచు. అందుకే ఫ్రాగ్స్ లీప్ వంటి కొన్ని తోటలు నీరు పెట్టకుండానే పండిస్తాయి. మన దగ్గర తీగ నిద్రపోదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించాలి. వానలన్నీ కాయ లేనప్పుడు పడి ఆకుకు బూజు తెగులు తెస్తాయి, కాయ ఊరే నెలల్లో చినుకుండదు. పైన జానెడు ఎర్రమట్టి, కింద గట్టి బండ. నీరు ఆ బండ చీలికల్లో ఎక్కడుంటే అక్కడే. కనుక ఇక్కడ ద్రాక్ష అంటే బోరు.

మా నాన్న 1980లలో మూడెకరాల్లో రాతి కూసాలు పాతించి, తీగె లాగి, పందిరి వేశాడు. మొదటి బోరు 180 అడుగుల్లో పడింది. ఊరికి కళ వచ్చింది. పక్క పొలాల్లోనూ బోర్లు పడ్డాయి. తరవాత 400, ఆ తరవాత 700. ప్రతి కొత్త బోరూ పాత బోరు నీళ్ళే తాగింది. మూడు వాన లేని ఏళ్ళు వరుసగా వచ్చి, 2002 కరువు దాటేసరికి అప్పు మిగిలింది, తీగ మిగలలేదు. అదే 2002లో రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. బోర్ల మీద అదుపు పెట్టాలన్న ఆలోచన మంచిదే, మా పల్లెకు అది అందేనాటికి తోడవలసిన నీరు తోడేశారు. కాలిఫోర్నియా కూడా భూగర్భజలాల చట్టం చేసింది 2014లోనే, అదీ కరువు మెడ మీదకు వచ్చాకే. ముందుచూపు లేకపోవడంలో రెండు ప్రభుత్వాలూ అన్నదమ్ములే.

ఆ తేడాకు అసలు కారణం మరొకటి. నాపాలో తీగ కష్టపడుతుంది, దాని కష్టానికి ధర కట్టే పేరుంది, నేలను ముక్కలు కానివ్వని నియమముంది, తోట పాడైతే మళ్ళీ నాటేదాకా నిలబెట్టే డబ్బుంది. 2020లో మంటలు లోయ కొండలను కాల్చేశాయి, నల్లబడిన చెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి, అయినా లోయ నిలిచింది. అనంతపురంలో కష్టపడేది తీగ ఒక్కటే కాదు. తీగతో పాటు మనిషి కూడా ఎండుతాడు. మనిషి కష్టాన్ని ఏ పీపాలో పోసినా అది చిక్కబడి రుచి తేలదు. తీగకు చెప్పిన నీతి మనిషికి అన్వయించడమే అసలు పొరపాటు. కరువు సీమవాళ్ళు మొండివాళ్ళు, గట్టివాళ్ళు అని మనల్ని మెచ్చుకునేవాళ్ళు ఎక్కువగా చేసేది ఈ పొరపాటే.

2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణ నీళ్ళు జీడిపల్లికి చేరిన రోజున మా నాన్న లేడు. అమ్మ ఉంది. నాపా నుంచి వచ్చిన రాత్రి ఫోనులో ఆమెకు ఇదంతా చెప్పాను. ద్రాక్షసారా సంగతి విని, "ఆ పాడు మనకెందుకు నాయనా" అంది. కాసేపాగి, "ఆడ తీగలు పందిరి మీద పాకించలేదా? కూసాలు రాతివా, కొయ్యవా?" అని అడిగింది. ఇనుపవి, కొయ్యవి అన్నాను. "మనవి రాతివి. ఇంకా అట్లనే ఉండాయి" అంది.

నిజమే. మా మూడెకరాల్లో ఆ కూసాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వేరుశనగ విత్తేటప్పుడు గుంటక వాటి చుట్టూ తిప్పుకుని పోవాలి. పీకించడానికి అయ్యే ఖర్చు పెట్టడం ఇష్టంలేక కాదు, అమ్మ పీకనివ్వలేదు. తాడిపత్రి దారిలో వెళ్ళేవారికి అలాంటి రాతి వరుసలు కనిపిస్తే, అవి ఏ పాత గుడి స్తంభాలో అనుకోకండి. నాపాలో ప్రతి తోటకూ ఒక పుస్తకం ఉంది, ప్రతి గుహకూ ఒక తేదీ ఉంది. మా ద్రాక్షతోటలు ఎప్పుడు మొదలయ్యాయో, ఎన్ని ఎకరాలు పండాయో, ఏ ఏడు ఎండిపోయాయో ఊరి పెద్దల నోటనే తప్ప కాగితం మీద కనబడదు. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో అలాంటి తోటలను ఎరిగినవారు ఉంటే వారు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. కూసాలు ఎంతకాలమైనా ఉంటాయి, వాటి కథ తెలిసినవాళ్ళు ఉండరు.